ముందు డిక్కీలో స్టెప్నీ

మా తోడల్లుడి ముఖం నేను రోజుకు పదిసార్లయినా చూస్తాను. ఆయన మా ఇంటికి వస్తాడని కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకు లెక్కల కోచింగ్ సెంటర్ ఉంది. దాని ప్రకటనలు ఆటోల వెనక అంటిస్తారు. అందులో ఆయన చేతులు కట్టుకుని, తల కాస్త పక్కకు వంచి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతుంటాడు. నాది ఎల్బీనగర్‌లో టైర్ల షాపు. ఆటో వెనక చక్రం విప్పడానికి పీట వేసుకుని కూర్చున్నానంటే ఆ నవ్వు సరిగ్గా నా కళ్ళ ఎదురుగా వస్తుంది. ఒకసారి ఒక ఆటో డ్రైవర్, "గీ సారు లెక్కలు మస్తు చెప్తడంట కదన్నా, నీకేమన్న ఎర్కనా?" అని అడిగాడు. "ఏమో, నాకు తెల్వది" అన్నాను. సొంత తోడల్లుణ్ణి తెలియదని చెప్పిన మనిషిని నేను.

దాచడం దేనికి, నాకు ఆయనంటే అసూయ. కుళ్ళు అన్నా ఒప్పుకుంటాను, ఓర్వలేనితనం అన్నా ఒప్పుకుంటాను. చాలామంది తమకది లేదంటారు. నాకు ఉంది, పుష్కలంగా ఉంది.

మా అత్తగారిల్లు సరూర్‌నగర్ చెరువుకు దగ్గర్లో. మేమంతా నల్లగొండ వైపు వాళ్ళం. పెద్దమ్మాయిని నాకిచ్చారు. చిన్నమ్మాయి డిగ్రీ అయ్యాక ఉద్యోగ పరీక్షల కోచింగ్‌కని దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, అక్కడ లెక్కలు చెప్పే సారునే చేసుకుంటానంది. ఆయనది కోస్తా నుంచి వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్న కుటుంబం. ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. నేనే మధ్యలో పడి అందరికీ నచ్చజెప్పాను. ఆ పెళ్ళి కుదిర్చింది నేనేనని గుర్తొచ్చినప్పుడల్లా నా నెత్తి నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

పెళ్ళయిన ఆర్నెల్లకే ఆయన మా అత్తమ్మను తనవైపు తిప్పుకున్నాడు. "అత్తయ్యగారూ, మీరు కూర్చోండి, మంచినీళ్ళు నేను తెచ్చుకుంటాను" అంటాడు. ఆ మాటకే ఆమె మురిసిపోయేది. నేనేమో అన్నేళ్ళుగా "అత్తమ్మా, జర నీళ్ళియ్యి" అంటున్నవాణ్ణి. ఎవరూ నాకు చెప్పలేదు, నీళ్ళు అడక్కుండా ఉంటే మంచి అల్లుళ్ళవుతారని.

అయినా చాలాకాలం ఒక్క విషయంలో నా స్థానానికి ఢోకా లేదు. అత్తగారింట్లో ఆదివారం మటన్ వండితే నల్లి బొక్క పెద్దల్లుడిది. అది ఎక్కడా రాసిపెట్టి లేదు. కానీ అత్తమ్మ గరిటెతో గిన్నె అడుగంతా వెతికి, మూలుగు నిండిన ఆ ఎముకను బయటికి తీసి, తిన్నగా నా పళ్ళెంలో వేసేది. నేను దాన్ని పళ్ళెం అంచుకు రెండుసార్లు కొట్టి, నోట్లో పెట్టి పీల్చేవాణ్ణి. ఆ చప్పుడు పక్క గదిదాకా వినిపించాలి. వినిపించేలాగే పీల్చేవాణ్ణి.

రెండేళ్ళ కిందట మా తోడల్లుడు ఒక కారు కొన్నాడు.

కొత్తది కాదు, ఎవరో పెద్దాసామి వాడి వదిలేసింది. అయినా స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. నేల మీద పాకుతున్నట్టుంటుంది. ఇంజన్ సీట్ల వెనకాల ఉంటుంది, డిక్కీ ముందు ఉంటుంది. రంగు పసుపు. పూజకని గుడి ముందు నిలబెట్టినప్పుడు, పంతులుగారు ఇంజన్‌కు బొట్టు పెట్టడానికి బానెట్ ఎత్తించారు. లోపల ఇంజన్ లేదు, ఖాళీ గుంట ఉంది. ఆయన కాసేపు దానికేసి చూసి, ఏమనుకున్నారో, ఆ గుంటకే బొట్టు పెట్టి హారతి ఇచ్చారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "ఆటో రంగు కారుకు ఆటో లెక్కనే పూజ" అన్నాను కూడా. ఎవరూ నవ్వలేదు. మా అమ్మాయి మాత్రం నా చెయ్యి గిల్లి, "డాడీ, గమ్మునుండు" అంది.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ గరిటె నా పళ్ళెం దాటి పోయింది. నల్లి బొక్క ఆయన పళ్ళెంలో పడింది. పాపం, ఆయనకు దాన్ని ఎలా తినాలో కూడా తెలియదు. చెంచా కాడతో పొడుచుకుంటూ కూర్చున్నాడు. నేను తల దించుకుని చారన్నం తిన్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడతో, "మీ అమ్మకు కండ్లు నెత్తికెక్కినయ్" అన్నాను. "బొక్క కోసం ఏడుస్తున్నవా? నీకు రేపు దుకాణంల కిలో తెస్త" అంది ఆమె. నాకు కావలసింది ఎముక కాదని ఆమెకు తెలుసు. తెలిసే అలా అంది.

నల్లి సంగతి అటుంచండి. నన్ను అసలు కాల్చింది మా అమ్మాయి విషయం.

మాకు ఒక్కతే కూతురు. షాపులోనే పెరిగింది. అక్షరాలు రాకముందే ఏ నట్టుకు ఏ పానా పడుతుందో చెప్పేది. స్కూలు నుంచి వచ్చి టైర్ల దొంతర మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేది. ఎవరైనా కస్టమర్ తొందరపెడితే, "మా డాడీ చక్రం మార్చి చూడకుంట బండి ఇయ్యడు అంకుల్, కూసోండి" అని గదమాయించేది. ఇంటర్‌కు వచ్చాక ఆదివారాలు వాళ్ళ బాబాయి దగ్గర లెక్కలకు పోవడం మొదలుపెట్టింది. ఒకరోజు తీసుకురావడానికి నేనే వెళ్ళాను. దిల్‌సుఖ్‌నగర్‌లో, మిఠాయి కొట్టు మీద మూడో అంతస్తు. తలుపు సందులోంచి చూస్తే మా తోడల్లుడు బోర్డు మీద ఏదో గీస్తున్నాడు. మా అమ్మాయి ముందు బెంచీలో కూర్చుని, నోరు కొంచెం తెరుచుకుని ఆయన్నే చూస్తోంది. తన చిన్నప్పుడు నేను టైరుకు ప్యాచ్ వేస్తుంటే అచ్చం అలాగే చూసేది. మెట్లు దిగిపోయి, కింద వ్యానులో కూర్చుని హారన్ కొట్టాను.

ఇంటికొచ్చేదాకా ఆమె కారు కబుర్లే. బాబాయ్ కారు ఇట్ల లేస్తది, అట్ల తిరుగుతది. ఎంట్రెన్స్ పరీక్షకు బాబాయ్ ఆ కార్లనే దింపుతా అన్నడు. ఆ పరీక్ష రోజు షాపు మూసి నేనే తీసుకెళ్ళాలని, గేటు బయట చెట్టు కింద నిలబడాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. అది ఆమెకు చెప్పలేదు. "సరే, మంచిదే కదా" అన్నాను.

పరీక్షకు నెల ముందు మా తోడల్లుడు షాపుకు వచ్చాడు. ఆ కారుతో స్టెప్నీ రాదట. కంపెనీ వాడు ఒక సీసాలో జిగురులాంటి ద్రవం, ఒక చిన్న గాలి పంపు ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. అల్మాస్‌గూడ దగ్గర ఒక రాయి తగిలి టైరు చీలితే ఆ జిగురు ఎందుకూ పనికి రాలేదు. మా మరదలు అప్పుడు రెండు గంటలు ఎండలో నిలబడిందట. స్టెప్నీ లేని బండి ఇక ఎక్కనని ఖచ్చితంగా చెప్పేసింది.

"షోరూమ్ వాళ్ళు కుదరదన్నారు అన్నయ్యగారూ. ఈ పని మీరైతేనే చేయగలరు" అన్నాడు ఆయన. నా చేతులు గ్రీజుతో ఉన్నా పట్టుకున్నాడు.

కష్టమైన పని అడిగితే నేను కాదనలేను, అడిగినవాడు ఎవరైనా సరే. అది నా బలహీనత. "జాగ చూద్దాం పా" అన్నాను.

మామూలు స్టెప్నీ ఆ గుంటలో పట్టదు. కొన్ని పెద్ద కార్లకు సన్నటి స్టెప్నీ ఇస్తారు, దగ్గర్లో ఉన్న షాపు దాకా మెల్లగా చేరుకోవడానికి మాత్రమే. మోటారుసైకిల్ టైరు కంటే కాస్త లావుగా ఉంటుంది. అలాంటిదొకటి నట్ల రంధ్రాలు సరిపోయేలా వెతకడానికి పది రోజులు పట్టింది. పాత సామాన్ల షాపులన్నీ గాలించాను. దొరికింది. బ్రేకుకు తగలకుండా ముందూ వెనకా రెండు చోట్లా ఎక్కుతోంది. ఇక గుంటలో కుదర్చాలి. అట్టముక్కతో కొలత తీసి, కింద ప్లైవుడ్ చెక్క వేసి, దాని మీద రబ్బరు షీటు పరిచి, మధ్యలో బోల్టు బిగించాను. ఊగదు, చప్పుడు చేయదు. మూత పడితే టైరుకు తగులుతుందా లేదా అన్నది కంటికి కనిపించదు కదా. దానికి నా పద్ధతి నాకుంది. టైరు మీద చపాతీ పిండి ముద్ద పెట్టి, మూత వేసి, తీసి చూస్తాను. ముద్ద ఎంత అణిగిందో అంతే సందు. ఆ రోజు పిండి డబ్బా ఇంటి నుంచి తెచ్చింది మా అమ్మాయే. ముద్ద వేలెడు మందాన నిలబడింది. "సూపర్ డాడీ" అని డబ్బా అక్కడే పెట్టి కాలేజీకి వెళ్ళిపోయింది.

ఇక ఒక్క పని మిగిలింది.

నాకు పని నేర్పిన ఉస్తాద్ సరూర్‌నగర్‌లో ఉండేవాడు. ఆయనొక నియమం పెట్టాడు. స్టెప్నీ అమర్చిన బండి ఇచ్చే ముందు, బండివాడి ఎదురుగా ఒకసారి చక్రం విప్పి, స్టెప్నీ ఎక్కించి, విప్పిన చక్రాన్ని స్టెప్నీ ఉన్న చోట పెట్టి చూపించాలి. "రోడ్డు మీద వాడు ఒక్కడే ఉంటడు బేటా. తీసిన చక్రం యాడ పెడ్తడు? ఆ జాగ సూపియ్యకుంట బండి ఇయ్యకు" అనేవాడు. అప్పటిదాకా ఒక్క బండి కూడా అలా చూపించకుండా ఇవ్వలేదు. మా అమ్మాయి కస్టమర్లకు గొప్పగా చెప్పేది ఈ సంగతే.

ఆ మధ్యాహ్నం ఒక్కణ్ణే ఉండగా కారు వెనక చక్రం విప్పి ముందు గుంటలో పెట్టాను. ఆ కారుకు వెనక టైర్లు ముందు టైర్ల కంటే బాగా వెడల్పు. చక్రం సగం పైకి పొడుచుకొచ్చింది. దాని మీద పిండి ముద్ద పెట్టి మూత దించాను. ముద్ద పచ్చడయింది, మూత నాలుగు వేళ్ళ ఎత్తులో ఆగిపోయింది. అటు తిప్పి పెట్టాను, ఇటు తిప్పి పెట్టాను. లాభం లేదు. ఆ చక్రం పట్టాలంటే ఆ కారులో ఒకే ఒక్క చోటుంది, డ్రైవర్ పక్క సీటు. రెండు సీట్ల బండిలో చక్రం సీట్లో కూర్చుంటే మనిషి దిగాల్సిందే.

అప్పుడు నాకొచ్చిన ఆలోచన ఉన్నదున్నట్టు రాస్తాను. మా మరదలు పట్టుచీర కట్టుకుని, బురద చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టు కనిపించింది. తర్వాత ఆమె దిగి రోడ్డు మీద ఆటో కోసం చెయ్యి ఊపుతున్నట్టు కనిపించింది. వచ్చిన ఆటో వెనక ఆయన నవ్వు ముఖం. నాకు కడుపులో చల్లగా అనిపించింది. సిగ్గు వేయలేదా అంటే, వేయలేదు. హాయిగా అనిపించింది.

సాయంత్రం ఆయన వచ్చాడు. స్టెప్నీ చూసి చిన్నపిల్లాడిలా గంతులేశాడు. మూత పదిసార్లు వేసి తీశాడు. "ఇంకేమైనా చూసుకోవాలా అన్నయ్యగారూ?" అని అడిగాడు. "ఏం లేదు తమ్మీ, తీస్కపో" అన్నాను. మార్చి చూపించకుండా ఇచ్చిన బండి అదొక్కటే.

పరీక్ష రోజు పొద్దున్న పసుపు కారు మా ఇంటి ముందు ఆగింది. సెంటర్ ఇబ్రహీంపట్నం అవతల ఏదో కాలేజీలో పడింది. ఎనిమిదిన్నరకు గేటు మూస్తారు, నిమిషం దాటినా లోపలికి రానివ్వరు. ఆ పిల్ల రెండేళ్ళుగా తెల్లారుజామున లేచి చదివింది ఈ ఒక్క పూట కోసం. సీటు రాకపోతే మరో ఏడాది ఇంట్లో కూర్చోవాలి. వాళ్ళమ్మ పెరుగు, చక్కెర తినిపించింది. నేను గేటు దగ్గర నిలబడి ఆ కారు వెనక టైర్లనే చూశాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. తమ్మీ, ఒకవేళ పంక్చరైతే తీసిన చక్రం కోసం చూడకు, వదిలేసి వెళ్ళిపో, అని ఒక్క ముక్క. కానీ చెబితే, ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అయినా ఇవాళే అవుతుందా ఏమిటి? మా అమ్మాయి కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఎంత ముచ్చటగా కూర్చుందో ఆ సీట్లో! నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. నోరు మూసుకున్నాను.

షాపు తెరిచి పనిలో ఉండగా, ఎనిమిది కొట్టడానికి రెండు నిమిషాలు ముందు ఫోన్ వచ్చింది. మా అమ్మాయి.

"డాడీ, తుర్కయాంజాల్ దాటినంక పంక్చరైంది. వెనక చక్రం. స్టెప్నీ ఎక్కించినం. కానీ తీసిన చక్రం ముందు డిక్కీల పడ్తలేదు. ఎట్ల పెట్టాలె, జల్ది చెప్పు."

చేతిలో ఉన్న పానా కింద పెట్టేశాను.

"బాబాయ్ దాన్ని ఈడ్నే ఇడిసిపెట్టి పోదామంటుండు. నేనే వద్దన్న. మా డాడీ మార్చి చూడకుంట బండి ఇయ్యడు, ఏదో ఉపాయం ఉంటదన్న. పావుగంట సంది తిప్పి తిప్పి పెడుతున్నం డాడీ."

పావుగంట. వెనక మా తోడల్లుడి గొంతు వినిపిస్తోంది, "వదిలేద్దాం అమ్మా, టైమైపోతోంది, చక్రం పోతే పోయింది" అని. ఆయనకు ప్రాణంలాంటి కారు అది. పిల్ల పరీక్ష ముందు ఆయనకది గడ్డిపోచ. ఆ పిల్ల మాత్రం నా మాటను పట్టుకుని రోడ్డు మీద నిలబడింది.

"హలో? డాడీ? మూత కింద రెండు జాగల పిండి అంటుకోనుంది. ఒకటి స్టెప్నీది. రెండోది గీ చక్రానిదే కదా? నువ్వు పెట్టి చూసినవ్ కదా. పడ్తది కదా?"

"పట్టదు బిడ్డా" అన్నాను.

ఒక లారీ పెద్దగా హారన్ కొట్టుకుంటూ వాళ్ళను దాటిపోయింది.

"పెట్టి చూసినవా?"

"చూసిన. పట్టలే. ఆడ్నే పడేసి పోండి. ఉరకండి బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత."

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాతి అరగంట నేనెలా గడిపానో నాకే తెలియదు. షాపు షట్టర్ సగం దించి వ్యాను తీశాను. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. నా ముందు ఒక ఆటో ఉంది. దాని వెనక మా తోడల్లుడు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వుకు మొదటిసారి దండం పెట్టాను. ఎట్లనన్న చేర్చు తమ్మీ అని ఆ బొమ్మను బతిమాలాను.

ఎనిమిదిన్నర దాటాక ఆయనే ఫోన్ చేశాడు. "అన్నయ్యగారూ, గేటు మూసేలోపే దింపేశాను. కంగారు పడకండి" అన్నాడు. నేను వ్యాను పక్కకు ఆపేశాను. ఆయన ఇంకా చెబుతున్నాడు. "మీ స్టెప్నీ లేకపోతే ఇవాళ ఏమైపోయేవాళ్ళమో. తీసిన చక్రం పట్టదన్న సంగతి మీకూ తెలియదటగా, పాప చెప్పింది. ఈ ఫారిన్ బండ్లతో మీరు మాత్రం ఏం చేస్తారు? మీరేం మనసులో పెట్టుకోకండి."

నాకు తల తీసేసినట్టయింది. అరగంట ముందు నా సంగతి తెలుసుకున్న పిల్ల, పరీక్షకు పరుగెడుతూ కూడా నా పరువు కాపాడి వెళ్ళింది.

చక్రం తుర్కయాంజాల్ అవతల, కొబ్బరిబొండాలవాడి బండికి ఆనించి ఉంది. "తెల్లంగి సారు పెట్టిపోయిండు. చేతులన్ని మసి. ఆడపిల్లేమో ఒక్కటే ఏడుపు" అన్నాడు అతను. దాన్ని వ్యానులో నా పక్క సీట్లో పెట్టుకున్నాను. వెనక బోలెడు చోటుంది. అయినా పక్క సీట్లోనే పెట్టుకుని ఎల్బీనగర్ దాకా వచ్చాను.

సాయంత్రం మా అమ్మాయి వచ్చి, పేపర్ బాగానే రాశానని వాళ్ళమ్మకు చెప్పింది. నాకు చెప్పలేదు. నన్నేమీ అడగలేదు కూడా. ఎందుకు చేశావని అడిగితే చెప్పడానికి ఏవేవో కూర్చుకున్నాను, అడిగితే కదా. మూడో రోజు టిఫిన్ ఇవ్వడానికి షాపుకు వచ్చింది. ఒక కస్టమర్‌కు బండి తాళం ఇస్తున్నాను. ఆమె గుమ్మంలో ఆగి, "మార్చి చూపించినవా డాడీ?" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నన్ను అడగడం అదే మొదలు. "చూపించిన బిడ్డా" అంటే, ఆమె కస్టమర్ ముఖం వైపు చూసింది. ఆయన అవునని తల ఊపాకే టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టింది.

ఆ ఆదివారం సరూర్‌నగర్‌లో భోజనాలు. గేటు ముందు పసుపు కారు నిలబడి ఉంది. నేనే బాగు చేసిన వెనక చక్రం దానికి ఎప్పటిలా ఎక్కి ఉంది. చూడగానే కడుపులో ఎక్కడో మళ్ళీ కొంచెం మండింది. మారిపోయానని చెప్పను.

అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. మా అమ్మాయి వాళ్ళ బాబాయి పక్కన కూర్చుంది. నా పక్క కుర్చీ ఖాళీ. మా తోడల్లుడు ఆ రోజు కథంతా మరోసారి చెప్పాడు. రోడ్డు, లారీలు, మసి చేతులు, గేటు. ప్రతి వాక్యం చివరా అన్నయ్యగారి స్టెప్నీ. అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. గరిటె తీసుకుని గిన్నె అడుగంతా వెతికింది. "నా పెద్దల్లుడు పెట్టిన స్టెప్నీ లేకుంటె పిల్ల బతుకు ఆగమయ్యేది" అంటూ నల్లి బొక్క తెచ్చి నా పళ్ళెంలో వేసింది.

రెండేళ్ళు దాని కోసం కుళ్ళిపోయినవాణ్ణి నేను. నిండుగా ఉంది, పొగలు కక్కుతోంది. చేతిలోకి తీసుకున్నాను. ఎదురుగా మా అమ్మాయి అన్నం కలపడం ఆపి నా చేతినే చూస్తోంది. ఆ చూపు కోపంగా లేదు. బండి తాళం ఇచ్చేటప్పుడు కస్టమర్ ముఖం వైపు చూసింది చూడండి, అలా ఉంది.

ఎముకను తీసి మా తోడల్లుడి పళ్ళెంలో పెట్టాను. "అయ్యో, మీకు ఇష్టం కదా అన్నయ్యగారూ" అన్నాడు ఆయన. "ఎంత మంచి మనసు బిడ్డా నీది" అంది అత్తమ్మ. మా ఆవిడ కూడా గర్వంగా అందరి వైపూ చూసింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఇంకాస్త పెద్దమనిషిగా మిగిలిపోయేవాణ్ణి. మా అమ్మాయి తల దించుకుని మళ్ళీ అన్నం కలపడం మొదలుపెట్టింది.

"మంచి మనసు లేదు, ఏం లేదు అత్తమ్మా" అన్నాను. "తమ్మీ, ఆ చక్రం పట్టదని నాకు ముందుగాలనే తెల్సు. కారు ఇచ్చిన రోజే పెట్టి చూసిన. నువ్వంటె ఓర్వలేక చెప్పలే."

అత్తమ్మ చేతిలో గరిటె అలాగే ఆగింది. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా తోడల్లుడు నా వైపు చూశాడు, పళ్ళెంలో ఎముక వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. ఆటోల వెనక ఉండే నవ్వు ఆ ముఖంలో ఎక్కడా లేదు. ఆయన అలా కూడా ఉంటాడని నాకు అప్పుడే తెలిసింది.

నేను ఎవరి ముఖమూ చూడలేక పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి అవతలి వైపు కుర్చీ జరిగిన చప్పుడైంది. మా అమ్మాయి తన పళ్ళెం తీసుకుని బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా పక్క ఖాళీ కుర్చీలో కూర్చుని అన్నం తినసాగింది.